ఆస్తులన్నీ ఒక హోల్డింగ్ కంపెనీలో పెట్టేయొచ్చా? నెల్లూరు కుటుంబం ప్రశ్నకు ఒక ఆడిటర్ సమాధానం

అడిగిన విషయం ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి అర్థం కావాలి కదా. కోవూరు దగ్గర రైస్ మిల్లు ఉంది. అది భాగస్వామ్య సంస్థ. నాయన, ఇద్దరు కొడుకులు భాగస్వాములు. ట్రంకు రోడ్డులో నాయన పేరున షాపుల కాంప్లెక్సు. నాయన, అన్న, తమ్ముడు ముగ్గురి పేర్ల మీద కలిపి అల్లూరు వైపు 34 ఎకరాల మాగాణి. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు. కొంత డబ్బు షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో. చెల్లెలు అమెరికాలో స్థిరపడింది. తమ్ముడు కొత్తగా కృష్ణపట్నం పోర్టు దారిలో కోల్డ్ స్టోరేజీ పెట్టాలనుకుంటున్నాడు. ఇంతలో ఒక కన్సల్టెంటు వచ్చి "అన్నీ ఒక హోల్డింగ్ కంపెనీలో పెట్టండి, పన్ను తగ్గుతుంది, రేపు పంపకాల తగాదా ఉండదు" అన్నాడు. చేయొచ్చా, ఖర్చెంత, అని ప్రశ్న.

నేను చాలా ఏళ్లుగా నెల్లూరు, ఒంగోలు వైపు కుటుంబ వ్యాపారాల లెక్కలు చూస్తున్నాను. నా మాట ఇది: హోల్డింగ్ కంపెనీ (వేరే కంపెనీల వాటాలు పట్టుకుని ఉండే పైకంపెనీ) మంచిదే, కానీ అందులో వ్యాపారాలు ఉండాలి, భూములు, భవనాలు కాదు. ముఖ్యంగా ఇప్పటికే చేతిలో ఉన్న భూములు అసలు వద్దు. ఆదాయపు పన్ను కొత్త చట్టంతో సెక్షన్ల నంబర్లన్నీ మారాయి కాబట్టి నంబర్లు రాయను, సూత్రం చెప్తాను.

కాంప్లెక్సుతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ ముందు దాన్నే కంపెనీలో వేయాలనుకుంటారు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీని (చనిపోయినవాళ్ల ఆస్తి మీద పన్నును) 1985లో తీసేశారు, సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. అంటే నాయన వీలునామా రాసి ఆ కాంప్లెక్సు పిల్లలకి వస్తే, వచ్చినందుకు పైసా పన్ను లేదు. నాయన కొన్న ధర, కొన్న తేదీ కూడా వారసులకే వస్తాయి. అదే కాంప్లెక్సుని కంపెనీకి మారిస్తే అది అమ్మకమే. "మా కంపెనీకే కదా" అంటే చట్టం వినదు. కంపెనీ వేరే మనిషి. ఉదాహరణకి రిజిస్ట్రేషన్ విలువ 4 కోట్లు, కొన్న ధరగా తీసుకునే 2001 నాటి విలువ 20 లక్షలు అనుకోండి. లాభం 3.8 కోట్లు. 12.5 శాతం చొప్పున 47.5 లక్షలు, సర్‌చార్జి, సెస్సు కలిపితే సుమారు 57 లక్షలు. ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరని పెంచి) 20 శాతం ఎంచుకోవచ్చు కానీ ఇంత పాత ఆస్తికి అది ఇంకా ఎక్కువవుతుంది. దీనికి తోడు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మూడూ కలిపి 7.5 శాతం, అంటే 30 లక్షలు. మీ ఆస్తి మీ దగ్గరే ఉండటానికి 87 లక్షలు కట్టినట్టు. "అయితే కంపెనీకి దానంగా ఇచ్చేస్తాం" అని ఒంగోలు నుంచి ఒకాయన వాదించారు. దానానికి పన్ను లేనిది బంధువుల మధ్యే. కంపెనీ ఎవరికీ బంధువు కాదు. ఉచితంగా తీసుకుంటే ఆ మొత్తం విలువ కంపెనీకి ఆదాయం అవుతుంది.

అద్దెల సంగతీ అంతే. కంపెనీ పన్ను 25.17 శాతమే కదా, మాకు 30 శాతం పడుతుంది కదా అన్నారు. వంద రూపాయల అద్దె తీసుకోండి. మనిషి చేతిలో ఉంటే 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ పోను 70 రూపాయలకి 31.2 శాతం, అంటే 21.84 కట్టి 78.16 ఇంటికొస్తుంది. కంపెనీలో అదే డిడక్షన్ ఇచ్చినా 17.62 పోయి 82.38 మిగులుతుంది. ఇక్కడిదాకా కంపెనీ గెలిచినట్టే ఉంటుంది, కన్సల్టెంట్లు స్లైడు ఇక్కడే ఆపుతారు. కానీ ఆ డబ్బు నాయన చేతికి రావాలంటే డివిడెండుగా, అంటే వాటాదారులకి పంచే లాభంగా, ఇవ్వాలి. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండుకి తీసుకున్నవాళ్లే తమ శ్లాబు ప్రకారం పన్ను కట్టాలి. అది పోతే మిగిలేది 56.68. అమ్మ పేరున కొంత వాటా ఉండి ఆమె శ్లాబు తక్కువైతే తేడా కొంత తగ్గుతుంది, కానీ పోదు. డబ్బు ఎప్పటికీ బయటికి తీయకుండా మళ్లీ వ్యాపారంలోనే తిప్పేవాళ్లకి మాత్రమే కంపెనీ రేటు లాభం. అద్దెల మీద బతికే ఇంటికి కాదు.

మాగాణి గురించి ఒక్క మాటతో తేలిపోవాలి కానీ రెండు చెప్పాలి. మొదటిది, వ్యవసాయ ఆదాయానికి కంపెనీ చేతిలో కూడా పన్ను లేదు, నిజమే. కానీ అది డివిడెండుగా మీ చేతికి వచ్చేసరికి వ్యవసాయ ఆదాయం కాదు. టీ తోటల కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1954లోనే ఈ మాట తేల్చేసింది. పన్ను లేని ఆదాయాన్ని మీ చేతులారా పన్ను ఉన్న ఆదాయం చేసుకోవడం అన్నమాట. రెండోది ఇంకా పెద్దది. మన 1973 భూ సంస్కరణల చట్టంలో పరిమితి మాగాణికి నేల రకాన్నిబట్టి 10 నుంచి 27 ఎకరాలు. ఇప్పుడు 34 ఎకరాలు మూడు పేర్లలో ఉన్నాయి, ఎవరి కుటుంబం లెక్క వాళ్లది. అన్నీ ఒక కంపెనీ పేరున వేస్తే ఒకే వ్యక్తి లెక్క. ఏ రకం మాగాణి అయినా పరిమితి దాటుతుంది. అందులో డీకేటీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) గానీ చుక్కల భూమి (రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్నది) గానీ, ఇంకా రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా 22-ఎలో ఉన్న సర్వే నంబరు ఒక్కటున్నా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనే ఆగిపోతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటివి లేని పెద్ద కమతం నేను తక్కువే చూశాను. ఊరి బయట, మున్సిపాలిటీకి చట్టం చెప్పిన దూరానికి అవతల ఉన్న పొలం అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి అమ్మిన లాభం మీద పన్ను) లేదు. నెల్లూరు లాంటి ఊరికి ఆ దూరం 6 కిలోమీటర్లు. ఆ సౌకర్యాన్ని కదిలించకండి.

రొయ్యల గుంటలు మాత్రం వేరు. మన తీరంలో చాలామంది రిటర్నులో రొయ్యల డబ్బుని వ్యవసాయ ఆదాయం కింద చూపిస్తుంటారు. కాదు. చెరువులో నీళ్లున్నా, భూమి పట్టాలో మాగాణి అని ఉన్నా, రొయ్యల పెంపకం వ్యాపారమే. కాబట్టి పన్ను కోణంలో గుంటల వ్యాపారాన్ని కంపెనీకి తేవడంలో తప్పు లేదు. భూమిని మాత్రం మీ పేర్లమీదే ఉంచి కంపెనీకి లీజుకివ్వండి. కోస్టల్ ఆక్వాకల్చర్ రిజిస్ట్రేషన్, కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉన్నాయో చూసి, లీజుకన్నా ముందు అవి మార్చుకోండి. వైరస్ వచ్చి పంట పోయినా, మేత డీలరు బాకీ మిగిలినా, ఆ దెబ్బ మిల్లు మీద పడకుండా ఉండటానికి గుంటలకి వేరే కంపెనీ ఉండటం మంచిదని నా అభిప్రాయం. ఒక పంటలో ఎంత పోతుందో, ఎంత వస్తుందో చెప్పలేని వ్యాపారం అది.

ఇక మిల్లు. భాగస్వామ్య సంస్థని ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చడానికి చట్టం దారి ఇచ్చింది, పన్ను లేకుండానే. షరతులు: సంస్థ ఆస్తులు, అప్పులు అన్నీ కంపెనీకి రావాలి, భాగస్వాములందరూ తమ క్యాపిటల్ ఖాతా నిష్పత్తిలోనే వాటాదారులు కావాలి, వాటాలు తప్ప వాళ్లకి వేరే ప్రతిఫలం ఏదీ అందకూడదు, 5 ఏళ్లపాటు వాళ్లందరి చేతిలో కలిపి ఓటు హక్కు 50 శాతానికి తగ్గకూడదు. కంపెనీల చట్టం కింద రిజిస్టర్ అయిన రోజే ఆస్తి కంపెనీకి దఖలు పడుతుంది, విడిగా అమ్మకపు దస్తావేజు అక్కర్లేదు. ఈ మాట 1980ల్లో మన హైకోర్టే ఒక జిన్నింగ్, రైస్ ఫ్యాక్టరీ కేసులో చెప్పింది. మీ మిల్లు స్థలం సంస్థ పేరున ఉందా, నాయన పేరున ఉందా అన్నది ముందు చూడండి. కోవూరు, నెల్లూరు వైపు పాత మిల్లుల్లో సగం వాటికి షెడ్డు సంస్థది, నేల పెద్దాయనది. నాయన పేరున ఉంటే ఈ దారి ఆ నేలకి వర్తించదు, లీజు రాసుకోవాల్సిందే.

"మరి మిల్లు కంపెనీ వాటాలని తీసుకెళ్లి పైన హోల్డింగ్ కంపెనీలో పెడతాం కదా" అంటారు. అదీ అమ్మకమే. లిస్టు కాని వాటాలకి నిబంధనల ప్రకారం విలువ కట్టి ఆ మేరకు పన్ను. వాటాకి వాటా ఇచ్చుకున్నా తప్పదు. అందుకే నేను చెప్పే పద్ధతి ఇది: హోల్డింగ్ కంపెనీని ఖాళీగా, చిన్న మూలధనంతో ఇప్పుడే పెట్టండి. కొత్తగా వచ్చే వ్యాపారాలు, అంటే తమ్ముడి కోల్డ్ స్టోరేజీ, రొయ్యల కంపెనీ, దాని కింద పుట్టాలి. కింద పుట్టిన వాటికి బదిలీ పన్ను లేదు, ఎందుకంటే బదిలీయే లేదు. మిల్లు కంపెనీ పక్కనే సోదర కంపెనీగా ఉంటుంది. బొమ్మ గీస్తే అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. బొమ్మ అందంగా ఉండాలని 50 లక్షల పన్ను కట్టడం మాత్రం నాకు నచ్చదు.

పైన కంపెనీ వల్ల వచ్చే పనులు కూడా తెలుసుకోండి. చిన్న కంపెనీలకిచ్చే సడలింపులు హోల్డింగ్ కంపెనీకీ, దాని సబ్సిడరీకీ (కింది కంపెనీకీ) లేవు, మూలధనం లక్ష రూపాయలైనా సరే. ఏడాదికి నాలుగు బోర్డు మీటింగులు, వాటాలు డీమ్యాట్‌లో, అన్ని కంపెనీలవీ కలిపిన కన్సాలిడేటెడ్ లెక్కలు. టర్నోవరు ఉన్నా లేకున్నా ఆడిట్ తప్పదు. విజయవాడ ఆర్ఓసీకి (కంపెనీల రిజిస్ట్రారుకి) వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు 5 ఏళ్లు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండటానికి పనికిరారు, అంటే మిల్లు కంపెనీలో కూడా. హోల్డింగ్, దాని కింది రెండూ, ఈ మూడు కంపెనీలకి కలిపి ఆడిట్, సెక్రటరీ ఫీజులు ఏటా రెండు మూడు లక్షలు అనుకుని దిగండి. కింది కంపెనీ నుంచి పైదానికి వచ్చిన డివిడెండుని పైకంపెనీ మళ్లీ వాటాదారులకి గడువులోపు పంచేస్తే పైన పన్ను లేదు. పంచకుండా అట్టిపెడితే ఉంది.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఇందులోకి తేవొద్దు. తెస్తే అమ్మకం పన్ను ఎలాగూ పడుతుంది. దానికితోడు, కంపెనీ ఆస్తుల్లో సగానికి మించి, ఆదాయంలో సగానికి మించి ఇలాంటి ఆర్థిక పెట్టుబడుల నుంచే అయితే రిజర్వు బ్యాంకు దాన్ని ఎన్‌బీఎఫ్‌సీగా (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీగా) చూస్తుంది. ఆ లైసెన్సుకి కనీస సొంత నిధి 10 కోట్లు. సొంత గ్రూపు కంపెనీల్లోనే 90 శాతానికి పైగా పెట్టి, బయటి డబ్బు తీసుకోకుండా ఉంటే కోర్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీగా రిజిస్ట్రేషన్ లేకుండా ఉండొచ్చు. మీ హోల్డింగ్ ఈ గీతలోపలే ఉండాలి. నాలుగు మ్యూచువల్ ఫండ్ల కోసం దాన్ని దాటించకండి.

ఇప్పుడు అసలు విషయం, తగాదాలు. కంపెనీ పెడితే తగాదా రాదన్నది అబద్ధం. గోడలు పంచుకోవాల్సిన అన్నదమ్ములు వాటాలు పంచుకుంటారు, అంతే. చీమకుర్తి గ్రానైట్ కుటుంబం ఒకటి నాకు తెలుసు. ఇద్దరన్నదమ్ములు, సగం సగం వాటాలు, ఇద్దరే డైరెక్టర్లు, చెక్కు మీద ఇద్దరి సంతకాలు. పెద్దాయన పోయాక ఆయన భార్య, కొడుకు వచ్చి కూర్చున్నారు. వదిన ఒక ఇన్‌వాయిస్ అడిగితే మరిది ఇవ్వలేదు, మరిది చెక్కు పంపితే వదిన సంతకం పెట్టలేదు. క్వారీలో డ్రిల్లర్లకి, క్రేన్ ఆపరేటర్లకి జీతాలు ఆగాయి. నా టేబుల్ మీద మినిట్స్ బుక్ ఉండేది; ఆరు మీటింగుల పేజీలు రాసి ఉన్నాయి, అధ్యక్షుడి సంతకం ఉండాల్సిన చోట ఆరూ ఖాళీ. ఇద్దరూ ఒప్పుకోకపోతే ఎవరు అధ్యక్షుడో తేల్చే క్లాజు ఆర్టికల్స్‌లో (కంపెనీ అంతర్గత నియమాల పత్రంలో) లేదు, ఎందుకంటే ఆ ఆర్టికల్స్ రిజిస్ట్రేషన్ రోజు వెబ్‌సైటులో ఉన్న నమూనా పట్టికను యథాతథంగా ఎత్తి పెట్టినవి.

కాబట్టి హోల్డింగ్ కంపెనీలో మీరు ఖర్చు పెట్టాల్సిన బుర్రంతా ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్ మీద పెట్టండి. కుటుంబమంతా కూర్చుని తెల్లకాగితం మీదో, స్టాంపు కాగితం మీదో ఒప్పందం రాసుకుంటారు, "బయటివాళ్లకి వాటా అమ్మకూడదు" అని. అది ఆర్టికల్స్‌లో లేకపోతే కంపెనీని కట్టిపడేయదని 1991లో సుప్రీంకోర్టు ఒక కుటుంబ కంపెనీ కేసులోనే తీర్పిచ్చింది. అమ్మదలచినవాడు ముందు ఎవరికి ఇవ్వజూపాలి, ఎన్ని రోజుల్లో, ఏ లెక్కన ధర. ఆ ధర ఎవరు కడతారు, ఆడిటరా, బయటి వాల్యూయరా. డబ్బు ఒకేసారా, ఐదేళ్ల వాయిదాల్లోనా, ఇవన్నీ రాయండి. నాకు తెలిసి తగాదాల్లో ఎక్కువ శాతం "విడిపోతాను" అన్న మాట దగ్గర కాదు, "ఎంతకి" అన్న మాట దగ్గర ముదురుతాయి. లాభంలో ఏటా కనీసం ఎంత శాతం డివిడెండు ఇవ్వాలో కూడా రాయండి. మిల్లులో కూర్చునే అన్నకి జీతం వస్తుంది. కూర్చోని చెల్లెలికి డివిడెండే దిక్కు. అన్న జీతం ఎవరు నిర్ణయిస్తారో ఆర్టికల్స్‌లో ఉండాలి. కోడళ్లు, అల్లుళ్లు ఉద్యోగాలకి రావచ్చా లేదా అన్నది కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. అడగటానికి ఇబ్బందిగా ఉంటుందని వదిలేస్తే ముందుముందు ఇంకా ఇబ్బంది. ఇద్దరు సమానంగా ఉంటే మూడో ఓటు ఎవరిది? బయటి మనిషిని ఒకర్ని డైరెక్టరుగా పెట్టడం మన కుటుంబాలకి రుచించదు, కానీ నేను ఒత్తి చెప్పేది అదే.

నాయన పట్టు పోకూడదంటే రెండు తరగతుల వాటాలు పెట్టొచ్చు. 2015 జూన్ నోటిఫికేషన్ వల్ల ప్రైవేట్ కంపెనీలకి ఈ వెసులుబాటు ఉంది, ఆర్టికల్స్‌లో రాసుకుంటే చాలు. ఓట్లున్న తరగతి నాయన దగ్గర, డివిడెండు ఉన్న తరగతి పిల్లల దగ్గర. అయితే నాయన తర్వాత ఆ ఓట్ల వాటాలు ఎవరికి అన్నది వీలునామాలో ఉండాలి. నామినీ పేరు రాశాం కదా అనుకోకండి. వాటాల విషయంలో నామినీ యజమాని కాదు, వారసుల హక్కే హక్కు అని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది.

కంపెనీ డబ్బు ఇంటి డబ్బు అనుకోవడం మనకి అలవాటు. "పెద్దబ్బాయి హ్యాండ్ లోను, 40 లక్షలు, పెళ్లి ఖర్చు" అని లెడ్జరులో ఒక్క పద్దు పడితే చాలు. పది శాతం, ఆపైన ఓటు హక్కున్న వాటాదారు తన కంపెనీ నుంచి అప్పు తీసుకుంటే, కంపెనీలో పోగైన లాభాల మేరకు దాన్ని డివిడెండుగా లెక్కేసి పన్ను వేస్తారు. తర్వాతి నెల తిరిగి కట్టేసినా ఆ పన్ను పోదు. భాగస్వామ్య సంస్థలో ఇన్నాళ్లూ డ్రాయింగ్స్ అని తీసుకున్నంత తేలిక కాదు ఇది. అలాగే, లిమిటెడ్ కంపెనీ కాబట్టి ఇంటి మీదికి రాదు అనుకోవద్దు; మిల్లు సీసీ లిమిట్‌కి (రోజువారీ నడకకి ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పుకి) బ్యాంకు మీ ముగ్గురి వ్యక్తిగత గ్యారంటీ అడుగుతుంది, మీరు పెడతారు.

చెల్లెలి విషయంలో రెండు చట్టాలు చూడాలి. ఆస్తి తాతగారి నుంచి ఉమ్మడిగా వచ్చినదైతే ఆమె కూడా పుట్టుకతో హక్కుదారు. ఆంధ్రలో పెళ్లికాని కూతుళ్లకి 1985 నుంచే, దేశమంతటా కూతుళ్లకి 2005 సెప్టెంబరు 9 నుంచి ఆ హక్కుంది. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం ఉంటే వేరే మాట. అంటే ఆమె సంతకం లేకుండా ఏ ఉమ్మడి ఆస్తినీ కదిలించకండి. ఇక అమెరికా వైపు: అక్కడి పౌరురాలికో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకో మన కంపెనీలో పది శాతం వాటా ఉంటే అక్కడ 5471 అనే ఫారం వేయాల్సి రావచ్చు, మానేస్తే జరిమానా 10,000 డాలర్ల నుంచి మొదలు. డివిడెండ్లు, వడ్డీల మీద నడిచే కంపెనీ అయితే అక్కడి పన్ను ఇంకా కఠినం. పొలం ఉన్న కంపెనీలో ఆమె వాటా పెట్టుబడికి ఫెమా (విదేశీ మారకం చట్టం) ఆటంకాలు కూడా ఉన్నాయి. ఆమెకి హోల్డింగ్ వాటా బదులు కాంప్లెక్సులో షాపులో, ఫిక్స్‌డ్ డిపాజిట్లో ఎక్కువ ఇచ్చి సమం చేయడం అందరికీ సుఖం. ఇది ఆమెతో మాట్లాడాకే, ఆమె అక్కడి సీపీఏని (అక్కడి ఆడిటరుని) అడిగాకే.

కాంప్లెక్సుకి, మాగాణికి, బంగారానికి వీలునామా చాలు. ఇద్దరు సాక్షులు, సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్ట్రేషన్. విలువను బట్టి స్టాంపు ఏమీ ఉండదు. కుటుంబంలో మైనర్లో, తమ పనులు తాము చూసుకోలేని పిల్లలో ఉంటే, లేదా కాంప్లెక్సు ముక్కలు కాకుండా అద్దె మాత్రమే పంచుకోవాలంటే, అప్పుడు ప్రైవేట్ ట్రస్టు. బంధువుల మేలు కోసమే పెట్టిన ట్రస్టుకి ఆస్తి ఇస్తే తీసుకున్నందుకు పన్ను లేదు, స్టాంపు మాత్రం ఉంటుంది. ఎవరికెంత అని వాటాలు స్పష్టంగా రాయండి. ట్రస్టీ ఇష్టానికి వదిలేస్తే గరిష్ఠ రేటు పడుతుంది.

ముందు చేయాల్సింది ఒక పట్టిక. ప్రతి ఆస్తికి: ఎవరి పేరు, ఎలా వచ్చింది, ఏ సంవత్సరం, దేని మీద ఏ బ్యాంకు తాకట్టు ఉంది. మీభూమిలో (ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటులో) 1-బీ, అడంగలు తీయండి, కాంప్లెక్సుకి ఈసీ (తాకట్లు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) వేయించండి, మిల్లు స్థలం దస్తావేజు వెతకండి. పేర్లు, సర్వే నంబర్లు తీసేసి ఆ పట్టిక ఇక్కడ పెడితే, మిల్లు మార్పిడి ఈ ఆర్థిక సంవత్సరంలో చేయాలా, కోల్డ్ స్టోరేజీ లోను శాంక్షన్ అయ్యాక చేయాలా అన్నది చెప్పగలను. నా అంచనా అయితే లోను అప్లికేషను కంటే ముందే కంపెనీ ఉండాలి. అప్పు తమ్ముడి సొంత పేరున పడ్డాక దాన్ని కంపెనీకి మార్చమంటే బ్యాంకు మళ్లీ మొదటి కాగితం నుంచి అడుగుతుంది.